రెండు పక్కలా కొట్టేసిన ఎక్స్

అడుగుపెట్టకూడని గదిలో అడుగుపెట్టాను. లోపల జరుగుతున్నది లెక్కల పరీక్ష, నేనేమో లెక్కల టీచర్ని, ఏ పరీక్షకి ఆ పాఠం చెప్పేవాళ్ళు కాపలా ఉండకూడదన్నది బడి పుట్టినప్పటి నియమం. కానీ పొద్దున కాపలాకి కూర్చున్న చరిత్ర మాస్టారికి పన్ను సలుపు మొదలై, రెండు గంటలు ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక చెంప పట్టుకుని బయటికొచ్చేశాడు. హెడ్మాస్టరు వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఖాళీగా దొరికిన ప్రాణిని నేనే. "ఒక్క గంటేనమ్మా, వెళ్ళి నిలబడండి చాలు. నోరు మాత్రం విప్పొద్దు. మిమ్మల్ని లోపల పెట్టానని పైవాళ్ళకి తెలిస్తే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు. "మీ మెడకెందుకు సార్, నా మెడ లేదా" అన్నాను నవ్వుతూ. నవ్వుతూనే వచ్చాను. గుమ్మం దాటేదాకా నా బతుకు బాగానే ఉంది.

ఇరవై ఎనిమిది తలలు. అన్నీ నా క్లాసు ఆడపిల్లల తలలే, ఏ జడ ఎవరిదో వెనకనుంచి చూసి చెప్పగలను. ఎవరూ తలెత్తలేదు, మా అన్న కూతురు తప్ప, అదీ అర క్షణం, నన్ను చూసింది, కనుబొమ్మలు పైకి లేపింది, మళ్ళీ వంచేసింది. ఇంట్లో అయితే ఆ కనుబొమ్మలకి నేను ఏదో ఒకటి అనేదాన్ని. ఇక్కడ అనను. ఫ్యాను ఒకటి తిరుగుతోంది, ఒకటి తిరుగుతానని చెప్పి తిరగడం లేదు, కిటికీలోంచి ఎండ మూడో వరస బల్లల మీదికి జారుతోంది, ఇంకాసేపటికి నాలుగో వరసకి వస్తుంది, ఈ గదిలో ఎండ ఎప్పుడు ఎక్కడుంటుందో నాకు కంఠతా వచ్చు. కుర్చీలో చరిత్ర మాస్టారు వదిలేసిన వేడి ఇంకా ఉంది. బల్ల మీద లవంగం వాసన, దాని పక్కనే ప్రశ్నపత్రం. తీసుకున్నాను. చదవక్కర్లేదు, కాపలాకి వచ్చిన మనిషికి ప్రశ్నపత్రంతో పనేముంది, కానీ వంటమనిషి పెళ్ళికి పోయినా ముందు వంటింట్లోకే తొంగి చూస్తుంది. ఒకటి, రెండు, మూడు, అన్నీ చెప్పినవే, పిల్లలు దున్నేస్తారు అనుకుంటూ పోతున్నాను, పద్నాలుగో ప్రశ్న దగ్గర కళ్ళు ఆగాయి. సమీకరణాన్ని సాధించండి, 3x² = 12x. నాలుగు మార్కులు. ఇంత తేలికా అనుకున్నాను. అనుకున్న వెంటనే మెట్టు తప్పినట్టయింది, చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు.

మూడు నాలుగుల్ని నాలుగుతో హెచ్చిస్తే నలభై ఎనిమిది, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది, కనక నాలుగు సరిపోతుంది. సున్నా వేస్తే ఈ పక్కా సున్నా, ఆ పక్కా సున్నా, కనక సున్నా కూడా సరిపోతుంది. రెండు జవాబులు. ఎక్స్ మీద రెండు కూర్చున్న ప్రతిదానికీ రెండు జవాబులు వెతకాలని ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. రెండు నెలల కింద ఇదే గదిలో ఇదే బోర్డు మీద అన్నీ ఒక పక్కకి తెచ్చి, ఉమ్మడిగా ఉన్న ఎక్స్‌ని బయటికి లాగి, రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ సున్నాకి సమానం చేసి చక్కగా చెప్పాను కూడా. చెప్పి ఊరుకోవచ్చు కదా. పది రోజుల కింద, పరీక్ష దగ్గర పడుతోందని, టైము చాలదని, పిల్లలు నెమ్మదిగా వేస్తున్నారని, ఆఖరి రివిజన్లో నా తెలివి నన్ను ఊరుకోనివ్వలేదు. "రెండు పక్కలా ఎక్స్ కనబడుతోందా. కొట్టేయండి. మూడు ఎక్స్ సమానం పన్నెండు, ఎక్స్ సమానం నాలుగు, అయిపోయింది, పదండి తర్వాతదానికి." కర్ర్‌మని గీత గీసి చూపించాను, ఆ చప్పుడు ఇప్పుడు చెవిలో మోగుతోంది. చాటలో రాళ్ళు ఏరబోయి గింజలు పారబోసినట్టు, ఎక్స్‌ని కొట్టేస్తూ దానితోపాటు సున్నాని కూడా కొట్టి పారేశాను. ఎక్స్ సున్నా కాదని తేలకుండా ఎక్స్‌తో భాగించకూడదని తెలియదా నాకు. తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తెలిసీ ఎలా చేశానంటే ఆ రోజంతా పొలాల లెక్కలు చేయించాను, పొడుగు వెడల్పుల లెక్కలు, వాటిలో సున్నా వస్తే విసిరేస్తాం, రుణ సంఖ్య వస్తే విసిరేస్తాం, విసిరి విసిరి చెయ్యి అలవాటు పడిపోయింది. పొలమూ లేదు, గట్టూ లేదు, ఒట్టి సమీకరణం ఉన్నచోట కూడా అదే చేత్తో విసిరేశాను.

తప్పని చెప్పినవాళ్ళు లేకపోతే పోనీ. ఉన్నారు. ఒక్కతే లేచింది, ఇదే, మా అన్న కూతురే. "టీచర్, సున్నా పెట్టినా సరిపోతోంది కదా" అంది. నేనప్పటికే బోర్డు తుడిచేస్తున్నాను. వెనక్కి తిరగనైనా లేదు. "సున్నా అడుగుల పొలంలో ఏం పండిస్తావమ్మా, సున్నా బస్తాలా" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. "లేదు టీచర్, ఇందులో పొలం లేదు కదా" అని మళ్ళీ అనబోయింది. "కూర్చో" అన్నాను. ఆ కూర్చో ఎలా అన్నానో నాకు గుర్తుంది, ఇంకెవరికీ అలా అనను, వేరే పిల్లలకి కూర్చోమ్మా అంటాను. అది కూర్చుంది. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే దాని మాటల్లో ఆ ఊసే లేదు, బజారు దాకా ఏదో సబ్బుల గొడవ చెప్పింది, నేను ఊఁ కొట్టాను.

దీనికి ఈ పరీక్ష అంటే ఏమిటో చెప్పాలంటే దీని అక్క గురించి చెప్పాలి. అన్నయ్య గేట్లూ కిటికీ ఊచలూ వెల్డింగ్ చేస్తాడు, కళ్ళు ఎప్పుడూ మిరపకాయ నలిపినట్టు ఎర్రగా ఉంటాయి, ఒక గేటుకి కొలత తీసుకుంటే మూడుసార్లు టేపు వేస్తాడు, "ఇనుముని కోశాక అతికిస్తే అతుకు కనబడిపోద్దే" అంటాడు. పెద్దదాన్ని కూడా నా దగ్గరే చదివించాడు. ఊళ్ళో ఉన్న బళ్ళన్నిటికీ కలిపి సైన్సు హాస్టలు కాలేజీలో ఉండేది పన్నెండు సీట్లు, ఈ పరీక్ష మార్కుల మీదే ఇస్తారు, రెండేళ్ళ కింద పెద్దదానికి రెండు మార్కుల్లో సీటు తప్పిపోయింది. ఇప్పుడు బట్టల కొట్లో రోజుకి పదకొండు గంటలు నిలబడి చీరలు విప్పుతుంది, మడుస్తుంది. ఇంటికొచ్చి కాళ్ళు గోడకి ఆనించి పడుకుంటుంది. అన్నయ్య నన్నేమీ అనలేదు. వదిన మాత్రం ఒకసారి పప్పు గిన్నె దించుతూ, "రెండు మార్కులంటే ఎంత ఉంటాయమ్మా, ఇంత ఉంటాయా" అని వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. పద్నాలుగో ప్రశ్నకి నాలుగు మార్కులు, రెండు జవాబులు, ఒక్కోదానికి రెండు. రెండు మార్కులంటే ఎంత ఉంటాయో నాకిప్పుడు తెలుస్తోంది, ఒక మనిషి పట్టేంత ఉంటాయి.

లేచాను. కూర్చుంటే ఒళ్ళు నిలవడం లేదు. కాపలా మనిషి తిరగాలి కదా, తిరుగుతున్నాను, మొదటి వరస, రెండో వరస, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరి కాయితం మీదా చూపు నిలపకూడదు, నిలపకుండానే అన్నీ కనబడుతున్నాయి. మొదటి బల్ల పిల్ల పద్నాలుగు వేసేసింది, రెండు ఎక్స్‌ల మీదా గీతలు, స్కేలు పెట్టి మరీ గీసింది, నేను చెప్పినందుకు అంత శ్రద్ధ. దాని పక్కది ఎక్స్‌ని కొట్టేసి నాలుగు చుట్టూ డబ్బా కట్టింది. ఆ వెనకది, ఆ వెనకది, గీత, గీత, గీత. ఏ కాయితం మీద చూసినా నా చెయ్యే. నత్తిగా మాట్లాడే పిల్ల, ఎన్నిసార్లు చెప్పినా గుర్తులు తప్పు వేసే పిల్ల కూడా ఇది మాత్రం తప్పకుండా నేర్చుకుంది. మంచి మాట పదిసార్లు చెప్పినా ఎక్కదు, వెధవ మాట ఒక్కసారికే ఎక్కుతుందని మా అమ్మ అనేది. నాలుగో వరసలో ఒకతి ఉంది, స్టాఫ్ రూములో దాన్ని చుట్టపుచూపు అంటాం, వారానికి మూడు రోజులు బడికొస్తుంది, మిగతా రోజులు వాళ్ళమ్మ టైలరింగ్ కొట్లో గుండీలు కుడుతుంది. వచ్చిన రోజు కూడా, "ఏమ్మా, ఇల్లు కనుక్కోగలిగావా" అని నేను అనకుండా ఉండను. దాని కాయితం మీద పొడుగ్గా, నెమ్మదిగా, అన్నీ ఒక పక్కకి తెచ్చి, ఉమ్మడి ఎక్స్‌ని బయటికి లాగి, కింద స్పష్టంగా రెండు జవాబులు. పది రోజుల కింద అది రాలేదు. నా క్లాసు వినని పిల్ల ఒక్కతే సరిగ్గా వేసింది. నవ్వు వచ్చింది, నోరు మూసుకుని ముందుకి నడిచాను.

ఇక మిగిలింది ఆఖరి వరస కిటికీ పక్క బల్ల. అటు వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోయినా అనుమానమే, అన్ని బల్లలూ తిరిగి తన వాళ్ళమ్మాయి దగ్గరికి మాత్రం వెళ్ళలేదేం అంటారు, వెళ్ళినా అనుమానమే. చుట్టమై పుట్టడం ఎంత తలనొప్పి. బడిలో చేరిన రోజే దానికి చెప్పాను, గేటు లోపల నేను టీచర్ని, మీరు అనాలి, గేటు బయట అత్తని, నీ ఇష్టం. అది ఒక్కరోజు కూడా తప్పలేదు, నేనే ఒకసారి కారిడార్లో ఒసే అన్నాను. వెళ్ళాను. చూడకుండానే చూశాను. పద్నాలుగు దగ్గర ముందు రెండు నెలల కిందటి పద్ధతిలో మొత్తం వేసి ఉంది, ముత్యాల్లాంటి అంకెలు, ఎక్స్ సమానం సున్నా, ఎక్స్ సమానం నాలుగు. దాని మీద అడ్డంగా ఒక గీత. కింద నా పద్ధతి, రెండు పక్కలా ఎక్స్ కొట్టేసి, ఒకటే జవాబు. ఆ కొట్టేసిన గీత గట్టిగా లేదు, వణుకుతూ కూడా లేదు, మాట వినే పిల్ల గీసిన గీత, కింద ఉన్నదంతా ఇంకా చదవడానికి వస్తోంది. కాయితాలు దిద్దేవాళ్ళు కొట్టేసినదాన్ని చూడరు. నేను దిద్దినా చూడను. నలభై కాయితాలు దిద్దాక కొట్టేసిన భాగం కంటికి ఆనదు.

మా నాన్న దగ్గర ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబుండేది. బడికెళ్ళనా అంటే ఒకటే, పక్కింటి పిల్లతో సినిమాకెళ్ళనా అంటే ఒకటే, చాలామటుకు అది వద్దు. పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి వర్గ సమీకరణం వేసి రెండు జవాబులు వచ్చినప్పుడు ఏదో తప్పు చేశాననుకుని చెరిపేశాను, మళ్ళీ వేశాను, మళ్ళీ రెండే. రెండూ నిజమే అంటుంది పుస్తకం. ఒక ప్రశ్నకి రెండు నిజాలుండొచ్చని, రెంటినీ పక్కపక్కన రాసి గౌరవంగా ఊరుకోవచ్చని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేను రాత్రి కంచం ముందు కూర్చుని కూడా దాని గురించే ఆలోచించి, నాన్న "ఏమైందే దీనికి" అంటే నవ్వాను. దానికోసమే లెక్కలు చదివాను, ఉద్యోగం కోసం కాదు. ఇప్పుడు బోర్డు దగ్గర నిలబడి తుడిచేస్తూ వెనక్కి తిరక్కుండా కూర్చో అన్న మనిషిని చూస్తే నాన్న గొంతు నా గొంతులోంచి ఎప్పుడు రావడం మొదలుపెట్టిందో లెక్క తేలడం లేదు.

ఇంకా ఇరవై నిమిషాలు. నియమం ప్రకారం మిగిలిన టైము బోర్డు మీద రాయాలి. చాక్‌పీసు తీసుకున్నాను. రెండు రాసి పక్కన సున్నా చుట్టాలి. చెయ్యి బోర్డు దాకా వెళ్ళి ఆగింది. ఆ సున్నాని కాస్త పెద్దదిగా చుడితే. రెండుసార్లు చుడితే. కింద చిన్న గీత పెడితే. ఎవరు పట్టుకుంటారు, ఇరవైలో సున్నా లేకుండా ఎలా రాస్తాను, పైవాళ్ళొచ్చి ఏమిటమ్మా ఈ సున్నా అంటే ఇరవై అండీ అంటాను. వీపు మీద ఇరవై ఎనిమిది జతల కళ్ళు లేవు, నాకు తెలుసు, ఒక జత మాత్రం ఉంది. అది నా ముఖం చదివినట్టు పుస్తకం కూడా చదవదు. కూర ఉప్పెక్కువైందో లేదో నేను నోట్లో పెట్టుకోగానే చెప్పేస్తుంది. సున్నా పెద్దదిగా చుడితే చాలు, అది పట్టేస్తుంది, కొట్టేసినదాని పక్కన మళ్ళీ రాసేస్తుంది, రెండు మార్కులూ వచ్చేస్తాయి, సీటొస్తుంది. మరి మిగతావాళ్ళ మాటేమిటి. స్కేలు పెట్టి గీసిన పిల్ల. డబ్బా కట్టిన పిల్ల. వాళ్ళు నా వీపు చదవలేరు, వాళ్ళకి నేను అత్తని కాను. తప్పు ఇరవై ఏడుమందికి పంచి, దిద్దుబాటు ఒక్కదానికి ఇస్తానా. పోనీ అందరికీ వినబడేలా చెబితే. చెప్పిన క్షణం ఈ గది మొత్తం కాయితాలు రద్దు, చుట్టపుచూపు కాయితంతో సహా. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి అంటారే, ఆ రెండూ నేనే తవ్వుకున్నాను. చాక్‌పీసు చెమటకి జారుతోంది. చివరికి అక్షరాల్లో రాశాను, ఇరవై నిమిషాలు అని, ఎక్కడా సున్నా లేకుండా. అక్షరాలు వంకర పోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

తిరిగి చూసేసరికి దాని చెయ్యి గాల్లో ఉంది. అదనపు కాయితం కావాలి. తీసుకుని వెళ్ళాను, పది అడుగులు, ఇంత పొడుగు గది కట్టినవాణ్ణి తిట్టుకుంటూ. కాయితం అందిస్తే అందుకోలేదు. పెన్ను కొన పద్నాలుగు మీద ఉంది, కొట్టేసిన వరస కింద, అది నా ముఖంలోకి చూస్తోంది. అడగడం లేదు, నోరు విప్పితే బయటికి పంపాలని దానికీ తెలుసు. ఒట్టినే చూస్తోంది. ఔననాలంటే నేను ఏమీ చేయక్కర్లేదు, కళ్ళు ఒకసారి కిందికి దించితే చాలు. ఇంట్లో సాంబారులో ఉప్పు చాలిందా అన్నట్టు చూస్తే నేను ఎలా చెబుతానో అలా. నా ముఖం నాది కాదనుకున్నాను, గోడ అనుకున్నాను, సున్నం కొట్టిన గోడ. మెడ నరం కొట్టుకుంటోంది, గోడకి నరం ఉండదు, అది కూడా చదివేస్తుందేమోనని గడ్డం వంచాను, వంచితే తల ఊపినట్టవుతుందేమోనని మళ్ళీ ఎత్తాను. కాయితం బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగాను. బయట నీళ్ళ ట్యాంకు దగ్గర వాచ్‌మన్ చెంబుతో ముఖం కడుక్కుంటున్నాడు. ఆ మనిషి ముఖం ఎన్నిసార్లు కడుక్కున్నాడో లెక్కపెట్టాను, ఏడుసార్లు. వెనకాల పెన్ను చప్పుడు మొదలైంది. ఏం రాస్తోందో నాకు తెలియదు. తెలుసుకోకూడదు. నా జన్మలో లెక్క వేస్తున్న చప్పుడు విని భయపడ్డది అదే మొదటిసారి.

గంట కొట్టారు. వసూలు చేయడం మొదలుపెట్టాను, ఒకటి, రెండు, మూడు, ఒక్కో కాయితం చేతికొస్తుంటే ఒక్కో గీత. దాని దగ్గరికొచ్చాను. అదనపు కాయితం నిండా ఇరవయ్యో ప్రశ్న, వృత్తాల లెక్క. పద్నాలుగు అలాగే ఉంది. కొట్టేసిన సున్నా కొట్టేసినట్టే. నా ముఖం గోడే అయింది, అది గోడని నమ్మింది. ఇరవై ఎనిమిది లెక్కపెట్టి, దారం కట్టి, కవరులో పెట్టి జిగురు రాశాను, గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరు చేతికిచ్చాను. "హమ్మయ్య, గట్టెక్కాం" అన్నాడు. "సార్, పిల్లల్ని ఐదు నిమిషాలు ఆపుతాను." "పరీక్ష అయిపోయింది కదమ్మా, పోనీండి, ఆకలి మీదుంటారు." "అయిపోయింది కాబట్టే సార్." ఆయన నన్ను ఒకసారి చూసి, కవరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"కూర్చోండి" అన్నాను. సగం లేచినవాళ్ళు సగంలోనే ఆగారు. ఇరవై నిమిషాలు అన్న అక్షరాలు తుడిచి పద్నాలుగో ప్రశ్న రాశాను. అన్నీ ఒక పక్కకి తెచ్చాను, ఎక్స్‌ని బయటికి లాగాను, రెండు జవాబులు రాశాను. సున్నా మామూలుగానే చుట్టాను. "ఇది సరైన పద్ధతి. పది రోజుల కింద నేను చెప్పింది తప్పు. మీరంతా నేను చెప్పినట్టే వేశారు, చూశాను. రెండు మార్కులు పోతాయి. పోయేది మీవి, పోగొట్టింది నేను. తప్పు నేనే నేర్పానని దిద్దేవాళ్ళకి ఇవాళే ఉత్తరం రాసి పంపుతాను, దానివల్ల మార్కులొస్తాయని మాత్రం మాట ఇవ్వలేను."

స్కేలు పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా. చుట్టపుచూపు అటూ ఇటూ చూసి, "అయితే నేను వేసింది రైటా టీచర్" అంది. "రైటే" అన్నాను. "అమ్మకి చెప్తే నమ్మదు" అంది. ఒకరిద్దరు నవ్వారు, వెంటనే ఆపేశారు.

మా అన్న కూతురు లేచి నిలబడింది. "ఆ రోజు నేను చెప్పాను."

"చెప్పావు."

"మరి ఎందుకు చూడలేదు అత్తా?"

గేటు లోపల ఆ పిలుపు మొదటిసారి విన్నాను. సర్దిచెప్పడానికి నాలుగు మాటలు నోటి దాకా వచ్చాయి, పొలాల లెక్కలు, టైము లేకపోవడం, అలసట, అన్నీ నిజాలే. "ఇంకెవరు లేచి అడిగినా వెనక్కి తిరిగి ఒకసారి వేసి చూసేదాన్నే. నువ్వు కాబట్టి తిరగలేదు. మావాళ్ళ పిల్ల మాట విన్నానంటారని."

అది తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు, అర్థమైందన్నట్టు. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అన్నయ్యవే. కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"ఇంకేమైనా తప్పు చెప్పావా? మిగతా పాఠాల్లో?"

ఇరవై ఎనిమిది ముఖాలూ నా వైపే ఉన్నాయి.

"తెలీదు" అన్నాను. "వరండాలో సంచుల్లో పుస్తకాలున్నవాళ్ళు తెచ్చుకోండి. మొదటి పాఠం నుంచి చూద్దాం."

వరండాలో సంచీల జిప్పులు ఒక్కొక్కటే తెరుచుకోవడం వినబడింది.